అక్క నొక్కని బటన్

ఆదివారం

అక్క లాస్‌పేట నుంచి భోజనానికి వచ్చింది. మా చిన్నప్పటి ఫైటింగ్ గేమ్ కొత్త కన్సోల్‌లో దొరికిందని చూపించాను. బడి వదలగానే బస్టాండ్ పక్కన వీడియోగేమ్ కొట్లో ఇద్దరం ఆడిందే అది. అప్పుడూ నేనే గెలిచేవాణ్ణి. ఇవాళా వరసగా నాలుగు ఆటలు గెలిచాను.

ఐదో ఆటలో గమనించాను. గట్టిగా తన్నే బటన్‌ను అక్క ఒక్కసారి కూడా నొక్కడం లేదు.

"ఏందక్కా, ఆ బటన్ ముట్టుకోనే ముట్టుకోవు?"

"అది పన్జెయ్యదు గదరా..." అని ఆగి, "అయ్యో, ఇది కొత్తది గదా!" అని నవ్వేసింది.

కొట్లో మెషీన్‌కి ఎడమ పక్క ఆడేవాళ్ల తన్నే బటన్ పాడై ఉండేదని నాకు ఇవాళే తెలిసింది. అక్క రోజూ నాకంటే ముందు పరిగెత్తి ఆ పక్కే పట్టుకునేది. అదే మంచిదనుకుని ఒకరోజు ఏడ్చి గోల చేశాను కూడా. అయినా ఇవ్వలేదు, ఎందుకో చెప్పలేదు.

ఆరో ఆటలో ఆ బటన్‌తోనే నన్ను చితక్కొట్టింది. అంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదు.

కానీ ఇప్పుడు ఇంకొకటి గుర్తొస్తోంది. పదో తరగతి అవగానే, చదువంటే ఇష్టం లేదని చెప్పి అక్క సేదరపేట్‌లో ఫ్యాక్టరీ పనికి చేరింది. ఆ మరుసటేడు నన్ను కాలేజీలో చేర్చారు.

ఇష్టం లేదన్న మాట కూడా నమ్మాను.