మూత లోపలి గుర్తు

ఆదివారం

ఆ వాచీ వాడి ముఖాన విసిరికొట్టాల్సింది. కొట్టలేదు. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.

చెల్లెలి మొగుడు పొద్దున్నే సఖినేటిపల్లి నుంచి దిగాడు. "మా నాన్నగారి కీ వాచీ అండి బావగారూ. ఆగిపోయింది. మీకు సరదా కదాండీ, కాస్త చూడండి" అన్నాడు.

"ఇదివరకు ఎవరైనా విప్పేరా?"

"ఆయ్, ఎవరూ ముట్టుకోలేదండి."

బాగుచేసినవాడు వెనకమూత లోపల సూదిమొనతో తన గుర్తు గీస్తాడని ఆ వెధవకి తెలీదు. మూత విప్పి భూతద్దం పెట్టాను. నా పొడి అక్షరాలే! పట్టీ, డయలూ మార్చేశాడు గానీ, నేను బాగుచేసిన మా నాన్న వాచీయే అది; ఆయన పోయినరోజు బల్లమీంచి మాయమైంది.

చెల్లి ఎదురుగానే ఉంది. మూత బిగించి, బాగుచెయ్యడానికి వారం పడుతుందన్నాను. వాడు నవ్వుతూ పనసపొట్టు కూర మళ్లీ వడ్డించుకున్నాడు.

దొంగ వాడని ఇప్పుడు తెలిసింది. ఆ రోజు మేం దొంగని చేసింది పనిమనిషి సత్తెమ్మని. బండారులంక నుంచి పదేళ్లు మా ఇంటికి నడిచొచ్చిన మనిషి. "నేను తియ్యలేదు బాబుగారూ" అంటూనే ఉంది.

శవం ఇంట్లో ఉండగా, నలుగురి ముందూ ఆవిడ సంచీ బోర్లించింది వాడు కాదు, నేను. అందులోంచి రాలింది ఒక దువ్వెన, చద్దన్నం డబ్బా.