గాజుగొట్టం తీసిందెవరు?

అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరి ఒళ్ళూ బాగానే ఉన్నాయి. మనసుల సంగతి ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది. బదిలీ మీద వెళ్ళిన ఊళ్ళో ఇల్లు కుదిరిందన్నావు, సంతోషం.

బావ సరిగా తింటున్నాడా అని అడిగావు. తింటున్నాడు. టెలిస్కోపు గదిలోకి రావద్దన్నారుగా, పొద్దస్తమానం మా వరండాలో పాత గడియారాలు విప్పుతున్నాడు. పలకరిస్తే, "నా టైమెలాగూ బాగాలేదు, వీటిదైనా బాగుచేద్దాం మరదలా" అంటాడు.

గొడవేమిటో అర్థమయ్యేలా రాయమన్నావు. ఏళ్ళ క్రితం గ్రహాలన్నిట్లోకీ పెద్దదాని మీద తోకచుక్క పడింది. ఆ వేడికి అక్కడి గాలీ తోకచుక్క తెచ్చిన సరుకూ కలిసి కొత్త వాయువులు పుట్టాయి. వాటిలో కార్బన్ మోనాక్సైడ్ పై పొరల్లోనే ఉండిపోయింది. అది ఎంత తగ్గిందో ఏటా కొలవడమే మా పని. ఈసారి తగ్గకపోగా ఒక్కసారిగా పెరిగింది! ఇంకో తోకచుక్క పడిందేమోనని డైరెక్టరు ఎగిరి గంతేశాడు.

నాకు మాత్రం బావ మీదే అనుమానం. ఆ కొలిచే యంత్రం నడిపేది బావ. పేరు కోసం అంకెలు మార్చాడేమో! పైగా మర్నాడు అందరికంటే ముందొచ్చి యంత్రం మూత తెరిచాడు. నన్ను చూసి చేతిలోదేదో జేబులో దాచాడు. అనుమానం పెనుభూతమంటారే, అలా పట్టుకుంది నన్ను.

ఇంతలో బావ అంకెలు మార్చాడంటూ ఆకాశరామన్న ఉత్తరమొకటి డైరెక్టరుకు చేరింది. పిలిచి అడిగితే బావ, "ఆ కొలత తప్పండీ, లెక్కలోకి తీసుకోకండి. పొరపాటు నాదే" అన్నాడట. దాంతో దొంగ దొరికాడనుకున్నారు.

మొన్న బావ చొక్కా ఉతకబోతే జేబులో గాజుగొట్టం దొరికింది. యంత్రాన్ని సరిచూడ్డానికి అదే వాయువు నింపిన గొట్టాన్ని వెలుతురుకు అడ్డంగా పెడతాం, పరీక్షయ్యాక తీసేస్తాం. తీయడం నా పని. రోజూ రాసే అలవాటుకొద్దీ రిజిస్టరులో "తీశాను" అని ముందే రాసేశాను. గొట్టం మాత్రం లోపలే ఉండిపోయింది! మేము కొలిచింది దాన్నే. నిలదీస్తే బావ, "నీది కొత్త కొలువు. నన్నైతే తిట్టి వదిలేస్తారనుకున్నా" అన్నాడు. నాకు ఏడుపాగలేదు.

పొద్దున రిజిస్టరుతో పాటు నా సంతకంతో అంతా రాసి డైరెక్టరుకు ఇచ్చాను. బావను రేపటి నుంచి రమ్మన్నారు. నా సంగతి తేల్చలేదు.

ఆ ఆకాశరామన్న ఎవరో కనిపెట్టమన్నావు, రాసినవాడి చెయ్యి పడిపోనూ అని తిట్టావు. అక్కా, ఈ ఉత్తరం రాస్తున్నదీ ఆ చెయ్యే.

బావకు గొట్టం సంగతే తెలుసు. ఇది పోస్టులో వేసి వెళ్ళి, రెండోదీ చెబుతాను.

ఇట్లు,
నీ తిట్లకు తలొంచుకున్న
చెల్లెలు