సేటు ఇచ్చిన ఫోను

సిరిసిల్ల, సోమవారం

ప్రజ్ఞా,

మంచిర్యాలలో కూర్చుని "ఈ కాలంలో పోస్టులో ఉత్తరమేంటి దీనికి" అని నవ్వుకుంటావని తెలుసు. నవ్వుకో, కానీ చివరిదాకా చదువు. నా ఫోన్ మీద నాకు నమ్మకం పోయింది. అందుకే కాగితం పట్టుకున్నాను.

లింగమూర్తి సేటు మరమగ్గాల షెడ్డులో మా బాపు సాంచాలు నడిపిస్తాడు కదా. అదే షెడ్డులో ఐలవ్వ, నర్మద, ఇంకొందరు ఆడవాళ్లు కండెలకు నూలు చుడతారు. కూలి పెంచమని అందరం కలిసి అడుగుదామని వాళ్లు అనుకున్నారు. రాతపని చేసి పెడతానని నన్నూ పిలిచారు. నిన్న కాక అంతకుముందు ఆదివారం ఐలవ్వ ఇంట్లో కూర్చున్నాం. చాయ్ తాగుతుంటే బాగున్నారనిపించి నేనే ఒక ఫోటో తీశాను. దాన్ని ఎవరికీ పంపలేదు. మర్నాడు పొద్దున సేటు ఐలవ్వను పిలిచి, "నీ ఇంట్ల చాప మీద నడుమ కూసున్న నర్మద ఏం ముచ్చట పెట్టింది? గా పచ్చచీరామె ఎవలు?" అని అడిగాడట. ఇక పనికి రావద్దని కూడా చెప్పేశాడు.

ఐలవ్వకు ఆ పని తప్ప ఇంకో ఆధారం లేదు. ఇప్పుడు అందరి చూపూ నా మీదే. సేటుకు బాపు అంటే గురి. దసరాకు తన కొడుకు రంజిత్ వాడిన ఫోన్‌ను బాపుకు బహుమానంగా ఇచ్చాడు. గింత పెద్ద ఫోన్ నాకెందుకు బిడ్డా అని బాపు దాన్ని నాకు ఇచ్చేశాడు. సేటు ఇంటితో ఇంత చనువున్నది మేమే కాబట్టి కబురు మోసింది కూడా నేనే అని వాళ్ల లెక్క. "నువ్వు గాక ఇంకెవలు చెప్తరు నవ్యా?" అని నర్మద మొహం మీదే అడిగింది.

నువ్వు నీ ఫోన్‌లో ఉన్న సిస్టం తీసేసి, ఎవరికీ మన కబుర్లు చేరవేయని ఇంకో సిస్టం వేసుకున్నావు కదా. అప్పుడు నిన్ను ఎగతాళి చేశాను, నీ ఫోన్‌లో ఏం రాచకార్యాలున్నాయని. ఇప్పుడు నిజంగా అడుగుతున్నాను. అది వేసుకుంటే మేలేనా? బ్యాంకు పని నడుస్తుందా? ఆ తిప్పలన్నీ పడేంత విలువ దానికి ఉందా? ఉన్నదున్నట్టు చెప్పు.

నీ
నవ్యశ్రీ

సిరిసిల్ల, శుక్రవారం

నా ఎగతాళిని మరిచిపోని ప్రజ్ఞకు,

నీ జవాబు అందింది. తిట్లు కూడా అందాయి. నీ మాటల్లో నాకు నచ్చింది ఏమిటంటే, నువ్వు ఆ సిస్టం అమ్మడానికి కూర్చున్నదానిలా రాయలేదు. అది కొన్ని రకాల ఫోన్లలోనే ఎక్కుతుందని, నా ఫోన్ అందులో లేదని, బ్యాంకు యాప్ నడవొచ్చు, మొండికేయవచ్చు కూడా అని రాశావు. అందుకే నువ్వు చెల్లింపుల కోసం పాత ఫోన్ ఒకటి వేరుగా మోస్తున్నావన్నావు. మా గుంపులో ఎవరైనా నోరు జారితే ఏ సిస్టమూ ఆపలేదనీ అన్నావు. అన్నీ చదివి, ఇంత తిప్పలు మనవల్ల కాదులే అనుకోబోయాను.

కానీ కింద ఒక్క వాక్యం రాశావు చూడు, ముందు నీ ఫోన్‌లో ఎవరి పేరుతో ఖాతా ఉందో చూడు అని. చూశాను. రంజిత్ పేరుంది.

నేను ఎన్నడూ తెరవని ఫోటోల యాప్ ఒకటుంది. దాన్ని తెరిస్తే సేటు ఇంటి గృహప్రవేశం, రంజిత్ కొత్త కారు, దాని పక్కనే చాప మీద మా నర్మద, సేటు ఎవరని అడిగిన పచ్చచీర రంజని, చాయ్ గ్లాసుతో ఐలవ్వ. నేను తీసిన ప్రతి ఫోటో ఆ ఖాతా దారిన వాళ్లింటికి పోతూనే ఉంది. ఒళ్లు మండిపోయింది.

బాపును అడిగితే మెల్లగా చెప్పాడు. "ఫోన్ల ఉన్నదేం తీయకు కాకా, బందైతది అన్నడు బిడ్డా రంజిత్. పెద్దోళ్లు ఇచ్చినదాన్ని మనం కెలుకుడెందుకని ఊకున్న." రంజిత్ మొదట మరిచి వదిలాడో, కావాలనే ఉంచాడో నాకు తెలియదు. చూసింది మాత్రం నిజం. చూసి ఒక ముసలామె కూడు తీసింది నిజం.

బాపు ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. దసరా నాడు ఆ ఫోన్ పట్టుకుని వాడకట్టంతా చూపించిన మనిషి. నాకు ఐలవ్వ మీద ఎంత బాధ ఉందో, బాపు మీద కూడా అంతే ఉంది.

ఆ ఖాతాను ఇప్పుడే తీసేయమని నువ్వంటావు. తీయను. దానితో ఇంకొక్క పని ఉంది.

మొండి
నవ్యశ్రీ

సిరిసిల్ల, బుధవారం

ప్రజ్ఞా,

పని అయింది, విను.

మొదట నర్మదను కూర్చోబెట్టి ఫోన్ చూపించాను. తన ఫోటో పక్కన సేటు ఇంటి గృహప్రవేశం చూసింది. నా చెయ్యి పట్టుకుంది. నేను ఏం చేయాలనుకుంటున్నానో చెప్పాను. సాయంత్రానికల్లా ఆమే అందరినీ ఐలవ్వ వాకిట్లోకి పిలుచుకొచ్చింది. కండెలు చుట్టేవాళ్లే కాదు, సాంచాలు నడిపే మగవాళ్లూ వచ్చారు. ఐలవ్వను నడుమ కూర్చోబెట్టాం. చేతిలో పెద్ద అక్షరాలతో అట్ట పెట్టాం: "ఐలవ్వ లేకుంటే మేమెవ్వరం రాము." ఎవరూ మొహం దాచుకోలేదు. బాపు ముందు వరుసలో నిలబడ్డాడు. అదే ఫోన్‌తో ఫోటో తీశాను. ఎవరికీ పంపలేదు, ఎవరికీ చెప్పలేదు.

తెల్లారి సాంచాలు మొదలుకాకముందే సేటు మనిషి మా ఇంటికి వచ్చాడు. ఐలవ్వను పనిలోకి రమ్మన్నారని, కూలి ముచ్చట కూర్చుని మాట్లాడుకుందామన్నారని చెప్పాడు. ఆ అట్ట గురించి సేటుకు చెప్పినవాళ్లు లేరు. ఆయనకు తెలిసిన దారి ఈ ఫోన్ ఒక్కటే.

ఇక నీ సిస్టం సంగతి. వేసుకుంటున్నాను. బ్యాంకు యాప్ మొండికేస్తే మా అవ్వ ఫోన్ ఉంది, లేదంటే నగదు ఇస్తాను. పదిమంది నన్ను నమ్మి నా ముందు కూర్చుంటున్నారు, దాని ముందు ఆ తిప్పలెంత? ఎక్కే రకం పాత ఫోన్ ఒకటి చూసి పెట్టు. మనుషులు నోరు జారకుండా చూసుకోవడం నా వంతు.

బహుమానాన్ని బాపే తిరిగిచ్చాడు. రంజిత్ ఖాతా అలాగే ఉంచి, నావన్నీ తుడిచేసి ఇచ్చాను. షెడ్డులో అందరి ముందూ బాపు దాన్ని రెండు చేతులతో సేటు టేబుల్ మీద పెట్టాడు. గొంతు పెంచలేదు.

"గిది మీ ఇంటి బాటనే మరువలే సేటూ. మీ దగ్గర్నే ఉండనీయుండ్రి."

అని పోయి తన సాంచా నడుపుకున్నాడు.

నీ
నవ్యశ్రీ