పదకొండు మంది ప్రార్థించారు

మార్చి 1, ఆదివారం
ఈ నెల నుంచి విన్నపాల బాధ్యత నాదేనట. జర్మనీలో మా కార్ల్స్‌రూహె తెలుగు ప్రార్థన కూటం, తొమ్మిది కుటుంబాలు. ఎవరికి ఏ కష్టమొచ్చినా యాప్‌లో రాస్తారు. మిగతావాళ్లు ‘ప్రార్థించాను’ అని మీట నొక్కితే పక్కన అంకె పెరుగుతుంది.

మార్చి 3
వీసా. ఇల్లు. కీటాలో, అంటే ఇక్కడి బాలవాడిలో, పాపకు సీటు. మళ్లీ వీసా.
తెనాలి చర్చిలో చెక్కపెట్టె ఉండేది, చీటీలు వేయడానికి. నాన్న సంఘపెద్ద, విప్పి చదివేది నేను. పసుపు మరకలు, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితాలు... చేతిరాత చూసి మనిషెవరో చెప్పేదాన్ని. ఇక్కడ అందరి అక్షరాలూ ఒక్కలాగే ఉన్నాయి.

మార్చి 6
కరుణ ఆంటీ విన్నపం — “తుంటి ఆపరేషన్. ప్రార్థించండి.” అంతే. చిన్న వయసులో వచ్చి, రిటైరయ్యేదాకా ఇక్కడే డాక్టరుగా చేసిన మనిషి. భర్త లేరు, పిల్లలు లేరు. పదకొండు మంది నొక్కారు. అందులో నేనొకదాన్ని. ట్రామ్‌లో, నిలబడే.

మార్చి 7
పొద్దున్నే నాన్న సైకిల్ గుర్తొచ్చింది. చీటీలన్నీ అయ్యాక ప్రార్థన చేసి, చొక్కా తొడుక్కునేవాడు. “ఇప్పుడెక్కడికీ?” — అమ్మ. “రాసినోళ్ల ఇంటికే.” వెనక సీటు మీద నేను. ఒక ఇంట్లో బెల్లం కాఫీ, ఇంకో ఇంట్లో ఏడుపు. నాన్న పెద్దగా మాట్లాడేవాడు కాదు. కాసేపు కూర్చునేవాడు.

మార్చి 8, ఆదివారం
ఆసుపత్రికి వెళ్లాను, చారు పట్టుకుని. ఆంటీని పొద్దున్నే చేర్చుకున్నారు. ఆపరేషన్ రేపు.
“పదకొండు మంది నొక్కారు, చూశా. తెలుగు మాట చెవిన పడి మాత్రం రెండు వారాలైందమ్మాయ్.”
తలెత్తలేకపోయాను. భయంగా ఉందా అని అడిగాను.
“ఎంతమంది పేషెంట్లకు ‘భయం లేదు’ అని చెప్పానో! నాకు చెప్పేవాళ్లే లేరు.”
చెయ్యి పట్టుకున్నాను.

మార్చి 10
ఆఫీసులో ఉండగా ఆసుపత్రి నర్సు ఫోన్. ఆపరేషన్ బాగానే జరిగిందట. కానీ మెలకువ వచ్చినప్పటి నుంచి ఆంటీ నోట జర్మన్ రావడం లేదు. ఏం అడుగుతోందో ఎవరికీ అర్థం కావడం లేదు. ఫారంలో దగ్గరివాళ్లు అన్నచోట నా నంబరు ఉందట — ఎప్పుడు రాసిందో!
పరుగున వెళ్లాను. “దాహం... దాహం...” అంటోంది. నీళ్లు పక్కనే ఉన్నాయి, చేతికి అందడం లేదు.
తాగించాను.

మార్చి 12
మత్తు ప్రభావమట. తగ్గొచ్చు, ఎన్నాళ్లకో చెప్పలేమన్నారు.
ఇవాళ ఆంటీ కళ్లకు నేను రాహేలుని, ఎప్పుడో చనిపోయిన తన చెల్లెల్ని. “మబ్బు పట్టింది, మేడ మీద వడియాలు తీశావా?”
“తీశానక్కా.”
ఆ మేడ నేనెన్నడూ చూడలేదు. అయినా తడిసిన చీర వాసన, వడియాల గుడ్డ ముడతలు... తెనాలి అంతా కళ్లముందుకొచ్చింది.

మార్చి 14, శనివారం
మధ్యాహ్నం కిటికీలోంచి చాలాసేపు చూసింది.
“ఇది ఏ ఊరు?”
చెప్పాను. ఆ పేరు ఎన్నడూ విననట్టు చూసింది.
“మనవాళ్లెవరన్నా ఉన్నారా ఇక్కడ?”
“ఉన్నారక్కా.”
“అయితే పిలువు. ఇట్టా ఒక్కదాన్నే ఎంతసేపుంటా?”
వరండాలోకి వచ్చి వరసగా కూటంలో అందరికీ ఫోన్ చేశాను. నలుగురు ఎత్తారు. ఇద్దరు నాలుగింటికల్లా వస్తామన్నారు.
అయిదైంది. ఆంటీ తలుపు వైపే చూస్తోంది.