గడ్డివాములో అడవిపిల్లి

2012 ఫిబ్రవరి, మంగళవారం రాత్రి

పొద్దున కొత్వాల్‌గూడలోని మా పొలంలో గడ్డివాము పక్కన అడవిపిల్లి కూన ఒకటి చచ్చిపడి ఉంది. చెవులు, మొహమంతా గజ్జితో పక్కు కట్టిపోయాయి. వాము లోపల ఇంకో రెండు కూనలు కదులుతున్నాయి. మా పెంపుడు పిల్లి మల్లికి ఇదే గజ్జి పట్టినప్పుడు, పాపకు అంటుతుందేమోనని భయపడి, నేనే ఆ పిల్లిని సంచిలో తీసుకెళ్లి ఆ వాములో వదిలాను. మనసొప్పక వారానికే తెచ్చుకుని సూదులు వేయించాను. మల్లికి మళ్లీ బొచ్చు వచ్చింది. ఆ వాములో అడవిపిల్లి ఈనిందని అప్పుడు నాకు తెలియదు.

పశువుల దవాఖానకు పరుగెత్తాను.

"మా పిల్లి నుంచే అంటిందా సార్?"

"దేని నుంచి దేనికి అంటిందో ఎట్ల చెప్తమమ్మా?" అన్నాడు డాక్టరు.

"మందియ్యి సార్, కోడికూరల కలిపి పెడ్త."

"ఏది ఎంత తింటదో తెల్వది. ఎక్కువైతే కూనల పాణం పోతది."

ఇంటికొస్తే మా ఆయన ఇంకో మాట అన్నాడు. "రేపు ఆ వాము తగలబెడ్త. ఇగ బర్లకు గిట్ల అంటితే ఏం జేస్తవ్?"

"లోపల ఇంక రెండు కూనలున్నయి. జర ఒక్క దినం ఆగు" అని బతిమాలాను. అగ్గిపెట్టె తీసి జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం మళ్లీ వెళ్లాను. తల్లి బయటే ఉంది. మనిషి అలికిడి వింటేనే మాయమయ్యే జంతువు. పక్కు కట్టి కళ్లు మూసుకుపోయాయి. నా అడుగుల చప్పుడుకు తల తిప్పింది. ఎటు పారిపోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.