ఒక కమ్రా, ఒక పోస్టు

13 జనవరి 1969, సోమవారం

సెమినార్‌కి పుట్టుక రాయమని ఉమాపతి మాస్టారు తలా ఒక పదం పంచారు. నాకు కెమెరా. ఫోటోలు తీసే డబ్బా గురించి ఏం రాయను, నా మొహం! లైబ్రరీలో చూస్తే తల తిరిగింది. లాటిన్‌లో కామెరా అంటే కమాను కప్పు. తర్వాత గది. ఫోటోల డబ్బా కూడా మొదట్లో చీకటిగదేనట. ఇంగ్లీషులో ఛేంబర్. పోర్చుగీసువాళ్ళ ఓడెక్కి మన దేశం వచ్చి కమరా. మా ఇంటి ఓనరు రాములవ్వ గది అద్దెని కమ్రా కిరాయి అంటుంటే అచ్చంగా ఇక్కడి తార్నాక మాటే అనుకున్నాను. బందరువాణ్ణి, నాకేం తెలుసు.

16, గురువారం

స్పెయిన్‌లో ఒకే గదిలో ఉండేవాడు కమరాద. దాన్నుంచే కామ్రేడ్! రూమ్మేట్ ఇన్నయ్యకి చెప్పాను, వాడు ఇక్కడి పల్లెవాడే. పడీపడీ నవ్వాడు. అయితే రాములవ్వ ఇద్దరు కామ్రేడ్లకు కమ్రా ఇచ్చిందన్నట్టు, అన్నాడు.

21

క్యాంపస్‌లో ట్యూటర్ పోస్టు. ఒక్కటే. ఇద్దరం అప్లై చేశాం. ఇంటర్వ్యూ కార్డు నాకొచ్చింది, ఇన్నయ్యకి రాలేదు. ఇంట్లో నాన్న ఒక్కడి జీతం మీద ఆరుగురం. ఈ ఉద్యోగం నాకు కావాలి. కావాలంతే.

22, సాయంత్రం

ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకేనని క్యాంపస్ అంతా నినాదాలు. క్లాసుల్లేవు. ముందు వరసలో ఇన్నయ్య! నా మీదేనా అని అడిగేశాను. నీ మీద కాదు, నీకొచ్చిన కార్డు మీద అన్నాడు. మా నాయిన ఎద్దులమ్మి సదివిచ్చిండు, గీడి నౌకరి గీడోళ్ళకు రాకుంటె ఏడికి పోవాలె అన్నాడు. ఒళ్ళు మండింది. ఫస్ట్ క్లాసు నాది, ఎవర్నీ అడుక్కోలేదు అని అరిచాను.

తర్వాత వాడడిగింది న్యాయమే అనిపించింది. అయినా ఇంటర్వ్యూకి వెళ్తాను.

25

సెమినార్ క్యాన్సిల్. పేపరు మాత్రం రాసి తీరతాను. ఇటలీలో కామెరా అంటే ఇప్పటికీ గదే. ఇక్కడ గదిలో ఇద్దరం, చెరో గోడవైపు తిరిగి పడుకుంటున్నాం.

27

నలుగురు కుర్రాళ్ళొచ్చి ఆంధ్రోణ్ణి ఖాళీ చేయించమని రాములవ్వ మీద కేకలు. నేను లోపలే ఉన్నాను. ఇన్నయ్య గడపకడ్డంగా నిలబడి, గీ కమ్రా నాది, వాడు నాతోని ఉంటడు, పొండ్రి అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. నాకు ఏడుపాగలేదు. థాంక్స్ అంటే, నోర్ముయ్, నౌకరి మాత్రం నీకు రానియ్య అన్నాడు.

29, బుధవారం

ఇంటర్వ్యూ. బస్సుల్లేవు. ఇన్నయ్య సైకిల్ మీదే వెళ్ళాం, వాడే తొక్కాడు. గేటు దగ్గర నా కాలరు సరిచేసి ఊరేగింపులో కలిశాడు.

లోపల నా పేరు పిలిచారు. బయట నినాదాల్లో అందరికన్నా పైన వాడి గొంతు. నేనూ గొంతు పెంచి జవాబులు చెప్పాను.