అప్పడాల రాతిగోడ

మట్టెవాడ, వరంగల్
3-9-1985

బొంబాయి బావ వెంకట్రాజం గారికి బామ్మర్ది ఉప్పలయ్య దండం పెట్టి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క నా మీసం తప్ప.

సిమెంటు దుకాణం రాజేశ్వర్ రావు తన ముందరి గదికి రాతిగోడ పెట్టించుకున్నాడు. అప్పటి నుంచి చాయ్ హోటల్లో వేరే ముచ్చట లేదు. మొన్న నలుగురిలో “ఉప్పలయ్యా, మీ తాత కట్టిన మట్టిగోడ ఇంకెన్ని వానలకు ఆగుతది?” అన్నాడు. నా నోరు నీకు తెలుసు కదా. “దసరాకు నా ముందటి అర్రల రాతిగోడ లేకుంటే నా మీసం తీసి నీ చేతుల పెడ్త. ఉంటే నీ మీసం తియ్యాలె” అన్నాను. “రాయంటే రాయే ఉండాలె. తాళంచెవితోని గీకి చూస్త” అన్నాడు. హోటలంతా సాక్ష్యం.

మేస్త్రిని అడిగితే మట్టిగోడ రాయి బరువు మోయదన్నాడు. అది వట్టి మొండిగోడ బావా. మేకు కొడితే వంగుతుంది గాని దిగదు. క్యాలెండరును దూలానికి దారం కట్టి వేలాడదీశాం. నువ్వు పనిచేసే దుకాణంలో అంటించే రాళ్ళు ఉన్నాయని పోయినసారి చెప్పావు. తొందరగా పంపు.

ఇట్లు,
మీసం ఉన్నంతవరకు మీ
ఉప్పలయ్య

తా.క. నా పెండ్లాం పూలమ్మకు ఏ ఫికరూ లేదు. “మీసం పోతే మంచిదే, సగం చాయ్ అదే తాగుతాంది” అంటున్నది.

బొంబాయి
11-9-1985

మీసాల బామ్మర్దికి బావ ఆశీర్వదించి రాయునది.

రాళ్ళు రైలు పార్సిల్లో వేశాను. మేస్త్రి వద్దు, సిమెంటు వద్దు. ఒక్కో రాతిబిళ్ళ వెనక జిగురు మీది కాగితం ఒలువు, గోడకు పెట్టి అదుము, అంతే. పైన రాతిపొడి ఉంటుంది కాబట్టి మెల్లగా గీకితే రాయే అనిపిస్తుంది. గట్టిగా మాత్రం గీకనియ్యకు. ఇంకొక్క మాట, గోడ శుభ్రంగా ఉండాలి.

ఇట్లు,
మీ అక్కను ఏలుకుంటున్న
వెంకట్రాజం

తా.క. మా వంటగదిలో కూడా అంటించాను. మీ అక్క కట్టమ్మ నిజం రాయి అనుకొని దానికి కొబ్బరికాయ కొట్టింది. కాయ పగల్లేదు, రాయికి సొట్ట పడింది.

వరంగల్
27-9-1985

బొంబాయిలో సుఖంగా ఉన్న బావకు, వరంగల్లులో పరువు పోయిన బామ్మర్ది రాయునది.

రాళ్ళు వస్తున్నాయని ఖాజా పాషా ఎడ్లబండి మాట్లాడుకొని, నలుగురు హమాలీలతో స్టేషనుకు పోయాను. గుమాస్తా డబ్బాను ఒక్క చేత్తో మా ముందుకు తోశాడు. హమాలీలు నా ముఖం చూశారు, నేను ఎద్దు ముఖం చూశాను. “ఏం ఉప్పలన్నా, రాళ్ళని చెప్పి అప్పడాలు ఎక్కిస్తున్నవా?” అన్నాడు ఖాజా పాషా. మా బండి ఇల్లు చేరేసరికి ఆ మాట మాకంటే ముందే చేరింది.

గోడ శుభ్రంగా ఉండాలన్నావు. దసరా ముందర శుభ్రం అంటే ఏమిటో మాకు ఒకరు చెప్పాలా? తాతల నాటి నుంచి ఏటేటా వేసిన పూతల మీద పూలమ్మ ఇంకో రెండు పూతలు సున్నం వేసింది. బిళ్ళలన్నీ అంటించాం. ఇల్లు కోటలాగా అయింది. తెల్లారి చూస్తే అన్నీ కింద ఉన్నాయి. గోడ పక్కన పడుకున్న నా మీదనే మూడు రాళ్ళు పడ్డాయి. ఒక్కదాంతోనూ దెబ్బ తగల్లేదు, అదే నా బాధ.

నీ జిగురు నకిలీది. దసరా నెత్తి మీదికి వచ్చింది. ఏదో ఒకటి చెయ్యి.

ఇట్లు,
నిన్ను నమ్మిన పాపానికి
ఉప్పలయ్య

తా.క. రాజేశ్వర్ రావు రోజూ మా ఇంటి ముందు ఆగి “అప్పడాలు ఎండినయా?” అని అడిగి పోతున్నాడు.

బొంబాయి
5-10-1985

తెలివిగల బామ్మర్దికి,

నీ ఉత్తరం పట్టుకొని మా సేఠ్ మీదికి కొట్లాటకు పోయాను. గోడకు ఏం వేశారని అడిగాడు. సున్నం అన్నాను. ఆ సేఠ్ నవ్వగా చూడడం నాకు అదే మొదటిసారి. ఊడిన బిళ్ళల వెనక సున్నం ఉన్నదా లేదా చూసుకో. జిగురు సున్నాన్ని వదల్లేదు, సున్నమే గోడను వదిలింది.

ఇంకో డబ్బా పంపుతున్నాను. సున్నం గోకి, మట్టి తేలిన తరువాత అంటించు. ఈసారి ఊడిందంటే నా మీసం నేనే తీసి కవరులో పెట్టి పంపిస్తాను.

ఇట్లు,
వెంకట్రాజం

తా.క. మీసాల పందేలు కాసే ఇంట్లో పుట్టి అదే బాపతు ఇంటికి వచ్చానని మీ అక్క తల బాదుకుంటున్నది. చేతితోనే. గోడకు బాదుకుంటే మళ్ళీ సొట్ట పడుతుందట.

వరంగల్
24-10-1985

బొంబాయి బావకు, రాతిగోడ ఉప్పలయ్య రాయునది.

నువ్వు గోకమన్నావు, పూలమ్మ గోకనియ్యలేదు. “పండుగకేసిన సున్నం పండుగ గాకముందే గోకుతరా? గోకాలనుంటే నీ నెత్తి గోకుకో” అన్నది. ఏం చేస్తాను, రెండో డబ్బాలో సగం బిళ్ళలు సున్నం మీదనే అంటించి, ఒక్కొక్క బిళ్ళను రోకలితో అదిమాను.

దసరా సాయంత్రం రాజేశ్వర్ రావు హోటలు జనాన్నంతా వెంటబెట్టుకొని వచ్చాడు. నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, గుండెకు హత్తుకొని అలాయ్ బలాయ్ తీసుకొని, అదే చేత్తో తాళంచెవి తీశాడు. మెల్లగా గీకాడు. రాతిపొడి రాలింది. ఆయన ముఖం వాడింది, నా మీసం లేచింది. అంతలో ఒక మూల చూసి “గిదేందో లేస్తాంది” అని పట్టుకొని గుంజాడు. బిళ్ళ వచ్చింది, దానితో పక్క బిళ్ళలు వచ్చాయి, వాటి వెనక తలుపు రెక్కంత సున్నం పెచ్చు లేచి ఆయన పండుగ ధోతి మీద పడింది.

“చూసిన్రా, కాగితం రాయి. మంగలిని పిలువుర్రి” అన్నాడు రావు. ఆయనను ఎవరూ చూడడం లేదు. అందరూ గోడను చూస్తున్నారు. సున్నం పోయిన చోట నున్నగా చెక్కిన నల్లరాయి, రాయికి రాయి అతికి, పైనుంచి కింది దాకా ఉన్నది.

“రావు సాబ్, జర గిప్పుడు గీకుర్రి” అన్నాడు ఖాజా పాషా.

గీకాడు. గోడ మీద గీత పడలేదు, తాళంచెవి పళ్ళు వంగాయి. అది ఆయన దుకాణం తాళంచెవి. దుకాణం ఇంకా తెరవలేదు.

మేకులు ఎందుకు దిగలేదో ఇప్పుడు తెలిసింది. మా తాత రాతిగోడే కట్టాడు. మా ఆడవాళ్ళు ప్రతి పండుగకూ సున్నం పూసి పూసి దాన్ని మట్టిగోడ చేశారు. మిగిలిన బిళ్ళలను అంటించి పీకి, అంటించి పీకి, గోడంతా తేల్చాం. నీ రాళ్ళు అంటడానికి కాదు బావా, పీకడానికే పుట్టాయి.

ఈరోజు పొద్దున హోటలు ముందే రావు మీసం తీయించాము. “మంగలి ఎందుకు దొరా, బిళ్ళ ఉన్నది. తాతల నాటి సున్నాన్ని పీకింది, దీనికి మీసం ఎంత?” అన్నాను. ఆయన మంగలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

పూలమ్మ ఇప్పుడు వచ్చిపోయే వాళ్ళకు గోడ చూపించి “నేను గోకనియ్యలేదు కాబట్టే రాయి బయటపడ్డది” అని చెప్పుకుంటున్నది. ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇట్లు,
రెండు వైపులా మీసమున్న
ఉప్పలయ్య

తా.క. బావా, రెండో డబ్బా కూడా ఊడింది. కవరు కోసం చూస్తున్నాను. స్టాంపులు సరిపడా అంటించు, నీ మీసం బరువు నాకు తెలుసు.